లాక్రోస్ పుట్టిన ఇంటివాళ్లకు ఒలింపిక్స్‌లో చోటెందుకు దొరకడం లేదు?

2023 అక్టోబర్ 16న ముంబైలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం జరిగింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంటుందని ఆ రోజే ఖరారైంది. 1900 తర్వాత క్రికెట్ మళ్లీ ఒలింపిక్స్‌కి రావడం ఇదే మొదటిసారి కాబట్టి మన టీవీలూ పేపర్లూ ఆ వార్తతోనే నిండిపోయాయి. నిజానికి ఆ రోజు మరో నాలుగు ఆటలకు కూడా తలుపు తెరుచుకుంది. బేస్‌బాల్-సాఫ్ట్‌బాల్, ఫ్లాగ్ ఫుట్‌బాల్, స్క్వాష్, లాక్రోస్. ఈ చివరి పేరు మనలో చాలామంది వినే ఉండరు. కానీ ఒక ఆటను పుట్టించిన జనానికి, ఆ ఆటను నడిపే సంఘంలో చోటు ఎలా దక్కుతుంది, ఎలా దక్కకుండా పోతుంది అన్నది అర్థం కావాలంటే లాక్రోస్ కథను మించినది లేదు.

ముందు ఆట గురించి. పొడవాటి కర్ర, దాని చివర చిన్న వలబుట్ట. బంతిని ఆ బుట్టతోనే పట్టుకోవాలి, పరుగెత్తాలి, విసరాలి, గోల్ కొట్టాలి. ఉత్తర అమెరికాలో అనేక మూలవాసీ జాతులు ఈ ఆట ఆడేవి. వాళ్లలో ముఖ్యులు హోదెనోషోనీలు. ఆ మాటకు పొడవాటి ఇళ్ల జనం అని అర్థం. మోహాక్, ఒనైడా, ఆనన్‌డాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అనే ఆరు జాతుల కూటమి అది. బయటివాళ్లు వాళ్లను చాలాకాలం ఇరాక్వాయ్ అని పిలిచారు. వాళ్ల నేలలు ఇప్పుడు అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రానికీ, కెనడాలోని ఒంటారియో, క్విబెక్‌లకూ మధ్య చీలిపోయి ఉన్నాయి. సరిహద్దు గీత తర్వాత వచ్చింది. జనం ముందునుంచీ అక్కడే ఉన్నారు.

వాళ్లకు ఇది ఆట మాత్రమే కాదు. సృష్టికర్త తమకిచ్చిన ఆట అంటారు, జబ్బు నయం చేసే మందు ఆట అని కూడా అంటారు. ఊళ్లో ఎవరికైనా జబ్బు చేస్తే వాళ్ల పేరు మీద ఆట ఆడిస్తారు. మన పల్లెల్లో అమ్మవారికి మొక్కుకుని జాతర చేయించినట్టే. హికరీ చెట్టు కర్రను ఆవిరి పట్టి వంచి, తోలు తాళ్లతో అల్లి చేసిన కర్రను మగపిల్లాడి ఉయ్యాలలో పెడతారు. మనిషి పోయినప్పుడు అతని కర్రను అతనితో పాటే పూడ్చిపెడతారు. ఇంత లోతుగా బతుకులో కలిసిపోయిన ఆట విషయంలో వాళ్లే బయటి మనుషులు ఎలా అయ్యారు?

దీనికి జవాబు ఎక్కువగా రూల్ పుస్తకాల మొదటి పేజీల్లో ఉంది. ఎవరు ఆటగాడు, ఎవరు సభ్యుడు, ఏది దేశం అని నిర్వచించే పేజీలు అవి. ఈ 150 ఏళ్లలో హోదెనోషోనీలను మైదానం బయట నిలబెట్టింది చాలాసార్లు ఒక మాటకు ఎవరో రాసిన అర్థమే. ఆ అర్థం రాసేటప్పుడు వాళ్లు ఆ గదిలో లేరు.

ఒక్క మాట చాలు

లాక్రోస్ అన్న పేరు ఫ్రెంచివాళ్లు పెట్టింది. 17వ శతాబ్దంలో వచ్చిన క్రైస్తవ మతగురువులు ఈ ఆటను చూసి రాసిన రాతల్లో ఆ పేరు కనిపిస్తుంది. రూల్ పుస్తకం వచ్చింది మాత్రం 19వ శతాబ్దంలో. మాంట్రియల్‌కు చెందిన విలియం జార్జ్ బీర్స్ అనే పళ్ల డాక్టరు ఆటకు రాతపూర్వక నియమాలు తయారుచేశాడు. ఎంతమంది ఆడాలి, మైదానం ఎంత ఉండాలి, గెలుపు ఎలా లెక్కపెట్టాలి, అన్నీ తేల్చాడు. 1867లో కెనడాలో జాతీయ లాక్రోస్ సంఘం ఏర్పడింది. మోహాక్ ఆటగాళ్లు లేకపోతే ఆ రోజుల్లో జనం టికెట్ కొనేవాళ్లు కాదు. 1876లో వాళ్లను ఇంగ్లండ్ తీసుకెళ్లి విక్టోరియా రాణి ముందు ఆడించారు. అదే సమయంలో తొలినాటి నియమాల్లో ఇంకో వాక్యం ఉంది. ముందుగా ఒప్పుకుంటే తప్ప తెల్లవారి క్లబ్బు తరఫున మూలవాసి ఆడకూడదు. ప్రదర్శనకు కావాలి, జట్టులోకి వద్దు.

ఆ తర్వాత అలా పేరుపెట్టి రాయాల్సిన అవసరం కూడా లేకపోయింది. 1880లో ఆ సంఘం తన పేరులో అమెచ్యూర్ అన్న మాట చేర్చుకుంది. ఆటకు డబ్బు తీసుకోనివాడే ఆటగాడు అంది. వినడానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది. కానీ మాంట్రియల్‌లో ఉద్యోగమో వ్యాపారమో ఉన్నవాడు సాయంత్రం క్లబ్బుకెళ్లి ఆడుకోగలడు. మూలవాసులకు కేటాయించిన ప్రాంతం నుంచి రైలెక్కి, కూలి వదులుకుని వచ్చే మోహాక్ కుర్రాడికి దారి ఖర్చులు ఎవరో ఒకరు ఇవ్వాలి. ఇచ్చారా, అతను ప్రొఫెషనల్ అయిపోయాడు. ప్రొఫెషనల్ అయ్యాడా, పోటీకి పనికిరాడు. ఏ జాతి పేరూ ఎత్తకుండానే, ఆట పుట్టించిన జనం ఆ ఆట జాతీయ పోటీల బయట మిగిలిపోయారు.

ఆ రోజుల్లో వాళ్లను ఎలా చూశారో చెప్పడానికి 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ రికార్డు చూస్తే చాలు. అందులో మోహాక్ జట్టు ఒకటి ఆడింది, మూడో స్థానంలో వచ్చింది. పతకం కెనడా లెక్కలో ఉంది. ఆటగాళ్ల జాబితాలో ఉన్న పేర్లేమో బ్లాక్ హాక్, రెడ్ జాకెట్, స్నేక్ ఈటర్, మ్యాన్ అఫ్రెయిడ్ సోప్. చివరి పేరుకు సబ్బంటే భయపడేవాడు అని అర్థం వస్తుంది. ఒలింపిక్ పతకం గెలిచిన మనుషులకు అధికారిక రికార్డులో దక్కిన గుర్తింపు అది.

ఇక్కడే కర్రల సంగతి కూడా చెప్పాలి. 20వ శతాబ్దం మధ్య వరకు లాక్రోస్ కర్రల్లో చాలా భాగం మోహాక్ చేతుల్లోనే తయారయ్యేది. కెనడా సరిహద్దులో కార్న్‌వాల్ దీవి దగ్గరి ఫ్యాక్టరీ 1968లో కాలిపోయింది. 1970 నాటికి అమెరికాలో ప్లాస్టిక్ తల ఉన్న కర్ర వచ్చేసింది. ఆట వేగం పెరిగింది, కర్ర తేలికైంది, ఆడేవాళ్లు పెరిగారు. కర్ర చేసే కుటుంబాలకు మాత్రం ఆటతో ఉన్న జీవనాధారం పోయింది. ఇందులో ఎవరి కుట్రా లేదు. కానీ ఆట ఎటు వెళ్లాలో తేల్చే చోట ఆ కుటుంబాల తరఫున మాట్లాడే మనిషి లేడన్నది నిజం.

సభ్యత్వం వచ్చాక

1983లో ఓరెన్ లయన్స్, రిక్ హిల్, వెస్ ప్యాటర్సన్ కలిసి ఇరాక్వాయ్ నేషనల్స్ జట్టును నిలబెట్టారు. లయన్స్ ఆనన్‌డాగా జాతి పెద్ద. సిరక్యూస్ యూనివర్సిటీలో గోల్‌కీపర్‌గా ఆడాడు. వాళ్లు అడిగింది అమెరికా జట్టులో ఇద్దరికో కెనడా జట్టులో ముగ్గురికో చోటు కాదు. తమ కూటమి ఒక స్వతంత్ర జాతి కాబట్టి అంతర్జాతీయ సంఘంలో పూర్తి సభ్యత్వం అడిగారు. 1980ల చివర్లో అది దక్కింది. 1990లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో జరిగిన ప్రపంచ పోటీలకు సొంత జెండాతో, సొంత పాస్‌పోర్టులతో వెళ్లారు.

పూర్తి సభ్యత్వం అంటే ఆడే హక్కు ఒక్కటే కాదు, సర్వసభ్య సమావేశంలో ఓటు. నియమం మార్చాలన్నా, పోటీ వేదిక తేల్చాలన్నా, అధ్యక్షుణ్ని ఎన్నుకోవాలన్నా చెయ్యి ఎత్తే హక్కు. పెద్ద ఆటల సంఘాల్లో ఒక మూలవాసీ జాతికి ఇలాంటి హోదా దొరకడం చాలా అరుదు. దీన్ని సాధించడంలో వాళ్లు చూపిన ముందుచూపు మెచ్చుకోదగ్గది. ఇవ్వడంలో లాక్రోస్ సంఘం చూపిన పెద్దమనసును కూడా తక్కువ చేయకూడదు.

పాస్‌పోర్టుల మీద అంత పట్టుదల ఎందుకు అని అనిపించవచ్చు. అమెరికా పాస్‌పోర్టు తీసుకుంటే వీసా గొడవే ఉండదు కదా. దీనికి పాత కథ ఉంది. 1923లో కయూగా నాయకుడు డెస్కాహే తమ కూటమి ఇచ్చిన పాస్‌పోర్టుతో జెనీవా వెళ్లాడు, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి ఎదుట తమ స్వాతంత్ర్యం గురించి చెప్పుకోవడానికి. సమితి అతన్ని మాట్లాడనివ్వలేదు. మరుసటి ఏడాది, 1924లో, అమెరికా మూలవాసులందరికీ పౌరసత్వం ఇస్తూ చట్టం చేసింది. మేము అడగలేదు, మాకు మా జాతి ఉంది అని హోదెనోషోనీ పెద్దలు అప్పుడే అభ్యంతరం చెప్పారు. కాబట్టి వాళ్ల దృష్టిలో ఇంకో దేశం పాస్‌పోర్టు మీద ఆడడం అంటే, దేనికోసం జట్టు పెట్టారో దాన్నే వదులుకోవడం.

2010లో ఆ మాటకు పరీక్ష వచ్చింది. ప్రపంచ పోటీలు ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో. బ్రిటన్ ప్రభుత్వం వాళ్ల పాస్‌పోర్టుల మీద వీసా ఇవ్వనంది. భద్రతా ప్రమాణాలకు సరిపోవంది. అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ జోక్యం చేసుకుని, తిరిగి వచ్చేటప్పుడు అడ్డు చెప్పబోమని ఒక్కసారికి మినహాయింపు ఇచ్చారు. అయినా బ్రిటన్ కదల్లేదు. ఆటగాళ్లు న్యూయార్క్‌లో సామాన్లతో రోజుల తరబడి ఎదురుచూశారు. సినిమా దర్శకుడు జేమ్స్ కామెరాన్ వాళ్ల ఖర్చులకు 50,000 డాలర్లు పంపాడు. చివరికి జట్టు ఇంగ్లండ్ వెళ్లలేదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకుని ఎక్కేస్తే విమానం దొరికేది. ఎక్కలేదు. 2015లో స్కాట్లండ్‌లో జరిగిన 19 ఏళ్లలోపు అమ్మాయిల పోటీలకు కూడా ఇదే కారణంతో వాళ్ల జట్టు దూరమైంది.

అదే 2015లో ఇంకొకటి జరిగింది, అది మనసు నింపే విషయం. ఇండోర్ లాక్రోస్ ప్రపంచ పోటీలు ఆనన్‌డాగా నేల మీద జరిగాయి. ఒక మూలవాసీ జాతి తన గడ్డ మీద అంతర్జాతీయ క్రీడా పోటీకి ఆతిథ్యం ఇవ్వడం అదే మొదటిసారి అంటారు. వచ్చిన జట్ల పాస్‌పోర్టుల మీద హోదెనోషోనీ ముద్ర వేశారు. ఐదేళ్ల కిందట ఇంకొకరి కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లు ఈసారి కౌంటర్‌కు ఇవతలివైపు కూర్చున్నారు. ఈ పోటీలను అక్కడికి తేగలిగారంటే, వేదికలు నిర్ణయించే సంఘంలో వాళ్లు సభ్యులు కావడమే కారణం.

ఆటలో కూడా వాళ్లు దయతో చోటు దొరికిన జట్టు కాదు. ఆరుబయటి పోటీల్లో 2014లో డెన్వర్‌లో, 2018లో ఇజ్రాయెల్‌లో, 2023లో శాన్ డియేగోలో వరసగా మూడుసార్లు కాంస్యం గెలిచారు. వాళ్లకంటే పైన అమెరికా, కెనడా మాత్రమే ఉన్నాయి. చిన్న జనాభా నుంచి ఎంపికైన జట్టు, కోట్ల జనాభా ఉన్న దేశాల మీద నిలబడుతోంది.

పైఅంతస్తులో ఎవరు?

ఇక 2020 సంగతి. అంతర్జాతీయ సంఘం అప్పటికి వరల్డ్ లాక్రోస్ అని పేరు మార్చుకుని, ఒలింపిక్స్‌లో చోటు కోసం గట్టిగా ప్రయత్నిస్తోంది. అందుకు మెట్టులాంటివి, ఒలింపిక్స్‌లో లేని ఆటల కోసం జరిపే వరల్డ్ గేమ్స్. అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో 2021లో జరగాల్సిన ఆ పోటీలు కరోనా వల్ల 2022కి వాయిదా పడ్డాయి. ఎనిమిది జట్లకు పిలుపు వచ్చింది. ప్రపంచంలో మూడో స్థానంలో ఉన్న హోదెనోషోనీలు ఆ ఎనిమిదిలో లేరు. ఒలింపిక్ నియమాల ప్రకారం మీకు జాతీయ ఒలింపిక్ కమిటీ లేదు, స్వతంత్ర దేశం కాదు, కాబట్టి అర్హత లేదు అన్నారు. 1880లో అమెచ్యూర్ అన్న మాట చేసిన పనిని 2020లో దేశం అన్న మాట చేసింది.

బాధ కలిగించే విషయం ఏంటంటే, ఆ నిర్ణయాన్ని వాళ్లకు చెప్పింది వాళ్లు ముప్పై ఏళ్లుగా సభ్యులుగా ఉన్న సంఘమే. అక్కడ వాళ్లకు ఓటు ఉంది. కానీ ఆ సంఘం ఇంకో పెద్ద సంఘం రూల్ పుస్తకానికి తలవంచేటప్పుడు, మీ ఇంటివాళ్లు బయట ఉండిపోతున్నారు అని గట్టిగా చెప్పే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. కింది అంతస్తులో ఇచ్చిన ఓటు పైఅంతస్తు వరకు చేరలేదు. మూలవాసులకు చోటు ఇచ్చామని చెప్పే సంఘాలు చాలావరకు జారిపడేది ఇక్కడే. ఇంట్లో గౌరవం ఇస్తారు, పెద్దల ముందుకు వెళ్లేటప్పుడు ఆ మాట ఎత్తరు.

తర్వాత ఆటగాళ్లూ అభిమానులూ గట్టిగా గొంతెత్తారు. సంతకాలు సేకరించారు. వరల్డ్ లాక్రోస్ తప్పు ఒప్పుకుని, వరల్డ్ గేమ్స్ నిర్వాహకులతో మాట్లాడి అర్హత సంపాదించి పెట్టింది. కానీ ఎనిమిది స్థానాలూ అప్పటికే నిండిపోయాయి. అప్పుడు ఐర్లండ్ ముందుకొచ్చి తన స్థానం వదులుకుంది. ఐరిష్ ఆటగాళ్లు ఎన్నో ఏళ్లు ఎదురుచూసి దక్కించుకున్న అవకాశం అది. వలసపాలన అంటే ఏంటో తెలిసిన జనం చేసిన ఆ పనిని హోదెనోషోనీలు ఇప్పటికీ కృతజ్ఞతతో తలుచుకుంటారు. అయితే ఒకరి హక్కు ఇంకొకరి త్యాగం మీద ఆధారపడాల్సి వచ్చిందంటే లోపం నియమంలో ఉన్నట్టే.

సలహా ఇచ్చే కుర్చీ, ఓటు వేసే కుర్చీ

ఇలాంటి లోపాన్ని సరిదిద్దడానికి సంఘాలు సాధారణంగా చేసే పని సలహా మండలి పెట్టడం. దాంతో ఎంత దూరం వెళ్లొచ్చో న్యూజిలాండ్ రగ్బీ చూపించింది. అక్కడి మూలవాసులైన మావోరీ ఆటగాళ్లు మొదటినుంచీ గొప్ప పేరున్నవాళ్లు. మావోరీల తరఫున ఒక సలహా మండలిని 1920ల ఆరంభంలోనే పెట్టారు. అయినా 1928లో దక్షిణాఫ్రికా పర్యటనకు జట్టు వెళ్లినప్పుడు, అక్కడి తెల్లవారి ప్రభుత్వానికి నచ్చదని మావోరీలను తీసుకెళ్లలేదు. అప్పటికి ప్రపంచమంతా పేరున్న జార్జ్ నెపియా కూడా ఇంట్లోనే ఉండిపోయాడు. 1949లో మళ్లీ అదే జరిగింది. 1960లో మావోరీలు లేకుండా పర్యటన వద్దంటూ లక్షన్నర మందికి పైగా సంతకాలు చేసినా బోర్డు వినలేదు. 1970లో దక్షిణాఫ్రికా వాళ్లను గౌరవ శ్వేతజాతీయులు అనే హోదాతో రానిచ్చింది. న్యూజిలాండ్ రగ్బీ మావోరీలకు క్షమాపణ చెప్పింది 2010లో.

సలహా మండలి ఉన్నంత మాత్రాన ఏమవుతుందో ఈ తేదీలే చెబుతాయి. సలహా వినే బాధ్యత లేనప్పుడు, అది విననివాళ్లకు ఒక రక్షణ కవచంలా కూడా పనికొస్తుంది. మేము అడిగాం కదా అని చెప్పుకోవచ్చు. తర్వాతి కాలంలో న్యూజిలాండ్ చేసిన మార్పు వేరే రకం. మావోరీ రగ్బీ బోర్డు ప్రతినిధికి ప్రధాన బోర్డులోనే చోటు పెట్టారు. 2016లో ఆ స్థానంలోకి వచ్చిన ఫరా పామర్, న్యూజిలాండ్ రగ్బీ బోర్డు చరిత్రలో తొలి మహిళ. మూడు ప్రపంచ కప్పులు గెలిచిన కెప్టెన్ ఆమె. మావోరీల కోసం పెట్టిన కుర్చీ వల్లే మహిళలకు కూడా ఆ బోర్డు తలుపు తెరుచుకోవడం గమనించాల్సిన విషయం.

సలహా మండళ్లు ఎప్పుడూ దండగ అని కూడా అనలేం. ఆస్ట్రేలియా క్రికెట్ సంగతి చూస్తే, ఆ దేశం నుంచి ఇంగ్లండ్ వెళ్లిన తొలి క్రికెట్ జట్టు 1868 నాటి ఆదివాసుల జట్టు. 47 మ్యాచ్‌లు ఆడి 14 గెలిచారు. ఆ జట్టు హీరో జానీ ములాగ్ పేరు మీద ఇప్పుడు బాక్సింగ్ డే టెస్టులో పతకం ఇస్తున్నారు. 2021లో 7 పరుగులకే 6 వికెట్లు తీసి ఆ పతకం అందుకున్న స్కాట్ బోలాండ్ కూడా ఆదివాసీ మూలాలున్నవాడే. అదే 2021 జనవరిలో, అక్కడి ఆదివాసీ క్రికెట్ సలహా కమిటీ చెప్పిన మీదట, జనవరి 26 మ్యాచ్‌ల ప్రచారంలో ఆస్ట్రేలియా డే అన్న మాట వాడకూడదని బోర్డు నిర్ణయించింది. మనకు ఆ తేదీ గణతంత్ర పండుగ. అక్కడి ఆదివాసులకు తమ నేల పోయిన రోజు. అప్పటి ప్రధాని స్కాట్ మారిసన్ బహిరంగంగా విమర్శించినా బోర్డు వెనక్కి తగ్గలేదు. అంటే సలహాకు విలువ రావాలంటే దాన్ని పట్టుకుని నిలబడే మనుషులు పైన ఉండాలి. ఆ మనుషులు మారితే సలహా విలువ మారుతుంది. ఓటు అలా మారదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మూలవాసులకు చోటు ఇవ్వడం అంటే, వాళ్ల తరఫున ఎవరు మాట్లాడాలో, ఏ వేగంతో మారాలో వాళ్లే తేల్చుకోనివ్వడం కూడా. హోదెనోషోనీ సంప్రదాయంలో మందు ఆటను మగవాళ్లే ఆడతారు, ఆ చెక్క కర్రను ఆడవాళ్లు ముట్టుకోరు. 1980ల్లో మహిళల జట్టు పెట్టాలనుకున్నప్పుడు సొంత జనంలోనే పెద్దలు ఒప్పుకోలేదు, అందులో ఆడ పెద్దలు కూడా ఉన్నారు. చాలా ఏళ్లు మాట్లాడుకుని, ఆచారంగా ఆడే ఆట వేరు, పోటీ ఆట వేరు అన్న అవగాహనకు వచ్చారు. 2009 ప్రపంచ కప్పులో వాళ్ల మహిళల జట్టు ఆడింది. బయటి సంఘం ఒక ఉత్తర్వుతో ఆ పని చేయించాలని చూసి ఉంటే, బహుశా ఆ జట్టు ఇప్పటికీ ఉండేది కాదు. 2022లో ఇరాక్వాయ్ అన్న పేరు వదిలి హోదెనోషోనీ నేషనల్స్ అని పెట్టుకోవడం కూడా వాళ్ల నిర్ణయమే. సంఘం చేయాల్సింది రికార్డుల్లో పేరు మార్చడం. చేసింది.

డబ్బు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పెద్ద దేశాల జట్లకు ప్రభుత్వాలు, స్పాన్సర్లు ఉంటారు. వీళ్లు ఎక్కువగా విరాళాల మీద నడుస్తారు. అమెచ్యూర్ నియమం రోజుల్లో ఉన్న రైలు ఛార్జీల సమస్యే ఇప్పుడు విమాన టికెట్ల రూపంలో ఉంది. సభ్యత్వంతో పాటు ప్రయాణానికీ శిక్షణకూ నిధి ఇవ్వని సంఘం సగమే ఇచ్చినట్టు.

ఇప్పుడు అందరి కళ్లూ 2028 మీద ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జో బైడెన్, హోదెనోషోనీలు తమ జెండాతోనే ఒలింపిక్స్‌లో ఆడాలని బహిరంగంగా కోరారు. కెనడా ప్రభుత్వం కూడా మద్దతు పలికింది. తమ నేల మీద ఉన్న జాతి వేరే జట్టుగా ఆడాలని ఆ రెండు దేశాలే అడిగాయి. ఒలింపిక్ కమిటీ జవాబు మారలేదు. జాతీయ ఒలింపిక్ కమిటీలు పంపే జట్లకే చోటు, హోదెనోషోనీ ఆటగాళ్లను అమెరికా, కెనడా తమ జట్లలో తీసుకోవచ్చు అంది. అంటే 1983లో వాళ్లు ఏది వద్దనుకున్నారో అదే మళ్లీ చేతిలో పెట్టింది.

ఒకరికి ఇస్తే రేపు అందరూ అడుగుతారు అన్నది ఇందుకు ఎదురయ్యే పెద్ద అభ్యంతరం. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ప్రపంచంలో వేల జాతులున్నాయి, పోటీ స్థానాలు కొన్నే. కానీ హోదెనోషోనీలు కొత్తగా పుట్టిన కోరికతో వచ్చినవాళ్లు కాదు. అంతర్జాతీయ సంఘంలో దశాబ్దాలుగా పూర్తి సభ్యులు, పతకాలు గెలిచిన జట్టు, ఆట పుట్టించినవాళ్లు. ఈ మూడూ ఉన్న రెండో జాతిని ఇంకో ఆటలో వెతికి చూపించడం కష్టం. పైగా ఒలింపిక్ కుటుంబంలో 206 జాతీయ కమిటీలున్నాయి, ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలే. ప్యూర్టో రికో, గ్వామ్ అమెరికా పాలనలోనే ఉన్నా వేరే జెండాతో ఆడతాయి. హాంకాంగ్ కూడా అంతే. స్వతంత్ర దేశమే అయి ఉండాలన్న నిబంధన 1990ల్లో వచ్చింది, అంతకుముందు చేరినవాళ్లు అలాగే ఉండిపోయారు. 2016లో ఏ దేశమూ లేని పదిమంది శరణార్థులతో ఒక జట్టునే తయారుచేశారు, ప్రపంచం చప్పట్లు కొట్టింది. కమిటీ తలచుకుంటే దారి దొరుకుతుందని దాని చరిత్రే చెబుతోంది.

మన దగ్గర ఈ ప్రశ్న వేరే రూపంలో ఉంది. జార్ఖండ్‌లోని సిమ్డేగా, ఖుంటీ, ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాల ఆదివాసీ పిల్లలు దశాబ్దాలుగా దేశానికి హాకీ ఆడిపెడుతున్నారు. సుందర్‌గఢ్ ఆదివాసీ బిడ్డ, మూడు ఒలింపిక్స్ ఆడిన దిలీప్ టిర్కీ 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. ఆ కుర్చీలోకి ఒక మాజీ ఆటగాడు రావడం కూడా అదే మొదటిసారి. ఎంతో సంతోషించాల్సిన మార్పు, కానీ అది ఒక మనిషి గెలుపు, నియమం కాదు. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం, సంఘాల కార్యవర్గాల్లో కనీసం నలుగురు మహిళలు, ఇద్దరు మేటి క్రీడాకారులు ఉండాలని చెప్పింది. చట్టంలో అంకె రాస్తే కుర్చీ ఖాయమవుతుందని అది ఒప్పుకున్నట్టే. ఆదివాసీ జిల్లాల ఆటగాళ్ల మీద నడిచే సంఘాల విషయంలో కూడా అలాంటి అంకె గురించి మాట్లాడుకోవాలి.

స్వతంత్ర దేశం కాని జట్టుకు ఒలింపిక్స్‌లో చోటుండాలా అన్న ప్రశ్నకు వస్తే, దానికి మన దగ్గరే ఒక జవాబు ఉంది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో భారత హాకీ జట్టు ఫైనల్లో నెదర్లాండ్స్‌ను 3-0తో ఓడించి తొలి ఒలింపిక్ బంగారు పతకం గెలిచింది. ఆ పోటీలకు జట్టును తీసుకెళ్లిన కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా, ఇప్పటి ఖుంటీ జిల్లాకు చెందిన ఆదివాసీ. ఫైనల్‌కు ముందే ఆయన జట్టుకు దూరమయ్యాడు. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుని ఆదివాసుల తరఫున గట్టిగా మాట్లాడాడు. ఆ పతకం వచ్చిన రోజుకి, మనకు స్వాతంత్ర్యం రావడానికి ఇంకా 19 ఏళ్లు ఉంది.